ఇంజిన్ గది నుంచి జవాబులు

రెండు నెలల కిందట ఈ పత్రికలో నౌకాదళం గురించి నేను రాసిన చిన్న వ్యాసం చదివి పాఠకులు పంపిన ఉత్తరాలు ఇవి. చాలామంది ఫోను నెంబరు కూడా అడిగారు. దయచేసి ఉత్తరమే రాయండి. నౌకాదళంలో ఇరవై ఆరేళ్లు మెకానిక్‌గా పనిచేశాను. అందులో మొదటి సగం బాయిలర్ల పక్కనే గడిచింది, నా ఎడమ చెవి అక్కడే ఉండిపోయింది.

ప్రశ్న: మన నౌకాదళంలో 140 నౌకలు ఉన్నాయని ఒకచోట, దాదాపు 300 అని మరోచోట చదివాను. ఇందులో ఏది నిజం? (డిగ్రీ విద్యార్థి, తెనాలి)

జవాబు: పెళ్లికి ఎంతమంది వచ్చారో విస్తళ్లు లెక్కపెట్టి చెప్పేవాడి అంకె ఒకటి, వాకిట్లో చెప్పులు లెక్కపెట్టేవాడి అంకె ఇంకొకటి. ఓడల విషయమూ అంతే బాబూ. యుద్ధనౌకలు, జలాంతర్గాములు, వాటికి తోడుగా వెళ్లే పెద్ద సహాయక నౌకలను మాత్రమే లెక్కిస్తే 140కి అటూఇటూగా వస్తుంది. రేవులో తిరిగే టగ్గులు, గస్తీ పడవలు, మంచినీళ్లు మోసే బార్జీలు కూడా కలిపితే ఎంతైనా పెరుగుతుంది.

నన్నడిగితే ఈ రెండు అంకెలతోనూ పెద్దగా పని లేదు. ఏ నౌకాదళమైనా తన ఓడలన్నిటినీ ఒకేసారి సముద్రంలో ఉంచలేదు. స్థూలంగా ఒక మూడో వంతు బయట పనిమీద ఉంటుంది. ఇంకో మూడో వంతు వెళ్లి వచ్చి గాని, వెళ్లబోతూ గాని సాధనలో ఉంటుంది. మిగిలినది డ్రై డాక్‌లో, అంటే నీళ్లు తోడేసిన మరమ్మతు తొట్టిలో, పొట్ట విప్పుకుని పడుకుంటుంది. దాన్ని మేము రీఫిట్ అంటాం. డాక్‌లోకి వెళ్లిన ఓడ ఆరు నెలల్లో వస్తుందని రాసిపెడితే, వచ్చేసరికి కొత్త సిబ్బంది ఎక్కిన సందర్భాలు నేనెరుగుదును. కాబట్టి దేశాల జాబితాలు పక్కపక్కన పెట్టి ఎవరిది పెద్దదని మీ స్నేహితులతో వాదించేటప్పుడు, ముందుగా ఆ అంకెను మూడుతో భాగించి కూర్చోండి.

ఆ ఓడలు ఉండే తీరు కూడా చెప్పాలి. ముంబై కేంద్రంగా పశ్చిమ కమాండు, విశాఖ కేంద్రంగా తూర్పు కమాండు ఉన్నాయి. కొచ్చిలో ఉన్న దక్షిణ కమాండు ముఖ్యంగా శిక్షణ చూసుకుంటుంది. అసలు పోరాట నౌకలన్నీ మొదటి రెండింటి మధ్యే పంచి ఉంటాయి. మన తూర్పు నౌకా పటాలం పుట్టింది 1971 నవంబరు 1న. పుట్టిన నెల రోజులకే యుద్ధం వచ్చింది.

ప్రశ్న: మా అల్లుడిని ఐఎన్ఎస్ శాతవాహనకు బదిలీ చేశారు. ఆ ఓడ ఏడాదిలో ఎన్ని నెలలు సముద్రం మీద ఉంటుంది? మా అమ్మాయి రెండో కాన్పు దగ్గర పడుతోంది. (గృహిణి, విజయనగరం)

జవాబు: అమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి. ఐఎన్ఎస్ శాతవాహన కదలదు. అది విశాఖలో జలాంతర్గామి సిబ్బందికి శిక్షణ ఇచ్చే స్థావరం. దానికి గోడలూ గేటూ చెట్లూ ఉంటాయి. నౌకాదళంలో నేలమీద ఉన్న స్థావరాలకూ ఐఎన్ఎస్ (ఇండియన్ నేవల్ షిప్, అంటే భారత నౌకాదళ నౌక) అనే పేరు పెడతారు. ఇది బ్రిటిషువాళ్ల నుంచి వచ్చిన అలవాటు. నావికుడన్నవాడి పేరు ఏదో ఒక ఓడ పుస్తకంలో ఉండి తీరాలి, అప్పుడే జీతమైనా శిక్షైనా. అందుకని నేలమీది కట్టడాన్ని కూడా కాగితం మీద ఓడగా చేశారు. వాళ్ల నావికులు వాటిని వేళాకోళంగా రాతి ఫ్రిగేట్లు అనేవారు.

విశాఖలో ఇలాంటి రాతి ఓడలు చాలానే ఉన్నాయి. సర్కార్స్ అన్నది పాత ఉత్తర సర్కారుల పేరు. కళ్యాణి ఆసుపత్రి, డేగ విమానాల స్థావరం, భీమిలి దగ్గరిది కళింగ. నా మొదటి ఓడ పేరు ఐఎన్ఎస్ శివాజీ. అది లోనావాలా కొండమీద ఉంది. ఎటు చూసినా సముద్రం కనబడదు. మెరైన్ ఇంజినీరింగ్ నేర్చుకున్నది అక్కడే. నేను ఓడ ఎక్కానని ఉత్తరం రాస్తే మా నాన్న ఊరంతా చెప్పి వచ్చారు. సెలవుకు వచ్చినప్పుడు ఆ ఓడ ఎంత ఊగుతుందని ఆయన అడిగితే, ఏం చెప్పాలో తెలియక బాగానే ఊగుతుంది అన్నాను.

ప్రశ్న: డిస్ట్రాయర్, ఫ్రిగేట్, కొర్వెట్. ఈ మూడింటికీ తేడా చూడగానే తెలుస్తుందా? (ఉపాధ్యాయుడు, సిద్దిపేట)

జవాబు: చూడగానే తెలియాలంటే పక్కపక్కన కట్టి ఉండాలి. పరిమాణంలో వరుస మీరు రాసినదే, పెద్దది ముందు. ఒకే నమూనా మీద కట్టిన ఓడలను ఒక తరగతి అంటాం. మన విశాఖపట్నం తరగతి డిస్ట్రాయర్ పొడవు 163 మీటర్లు, బరువు 7,400 టన్నులు. ఆ తరగతిలో నాలుగున్నాయి: విశాఖపట్నం (2021), మోర్ముగావ్ (2022), ఇంఫాల్ (2023), సూరత్ (2025). దీనికి ముందుది కోల్‌కతా తరగతి, మూడు. దానికి ముందుది ఢిల్లీ తరగతి, అదీ మూడు. సోవియట్ కాలపు రాజ్‌పుత్ తరగతి ఒక్కొక్కటిగా విశ్రాంతికి వెళ్తోంది. వాటిలో మొదటిదైన రాజ్‌పుత్‌ను 2021 మే నెలలో విశాఖలోనే సాగనంపారు.

తమాషా ఏమిటంటే హద్దులు ఇప్పుడు చెరిగిపోతున్నాయి. కొత్త నీలగిరి తరగతి ఫ్రిగేట్ 149 మీటర్లు, 6,600 టన్నుల పైమాటే. నేను పనిచేసిన పాత నీలగిరి తరగతి 113 మీటర్లు, దాదాపు 3,000 టన్నులు. అంటే నేటి ఫ్రిగేట్ నిన్నటి ఫ్రిగేట్‌కు రెండింతలు. కొర్వెట్లలో ఇప్పుడు ప్రధానమైనవి కమోర్టా తరగతి నాలుగు. ఇవి జలాంతర్గాముల వేటకు కట్టినవి, పేర్లన్నీ దీవులవి.

పిల్లలకు చెప్పడానికి సులువైన గుర్తు ఒకటుంది. ఓడ పక్కన పెద్ద తెల్ల అక్షరం ఉంటుంది. డి ఉంటే డిస్ట్రాయర్, ఎఫ్ ఉంటే ఫ్రిగేట్, పి ఉంటే కొర్వెట్ లేదా గస్తీ నౌక, ఎల్ అయితే సైన్యాన్ని ఒడ్డున దింపే నౌక, ఏ అయితే సహాయక నౌక, ఆర్ అయితే విమానవాహక నౌక. ఐఎన్ఎస్ విశాఖపట్నం మీద డి66 అని కనబడుతుంది. పేర్లకూ పద్ధతి ఉంది. డిస్ట్రాయర్లకు ఎక్కువగా ఊళ్ల పేర్లు, ఫ్రిగేట్లకు కొండలో నదులో ఆయుధాలో. మన గోదావరి పేరుతోనూ ఒక ఫ్రిగేట్ 1983 నుంచి 2015 దాకా పనిచేసింది.

ప్రశ్న: రెండు విమానవాహక నౌకలు ఉన్నాయి కదా, మూడోది ఎందుకు కట్టరు? (చార్టర్డ్ అకౌంటెంట్, హైదరాబాదు)

జవాబు: మీ వృత్తి చూసి సూటిగా చెబుతున్నాను. కొచ్చిలో కట్టి 2022 సెప్టెంబరు 2న దళంలో చేర్చిన విక్రాంత్‌కు సుమారు 20,000 కోట్లు అయింది. అందులో విమానాల ధర లేదు. దాని కోసం ఫ్రాన్సు నుంచి 26 రఫేల్ మెరైన్ విమానాలకు 2025 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, అది వేరే పద్దు. విమానవాహక నౌక ఒంటరిగా తిరగదు కాబట్టి చుట్టూ డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు, కింద ఒక జలాంతర్గామి, వెనక ఒక ట్యాంకరు కావాలి. ఇంకోవైపు పైన చెప్పిన మూడో వంతు లెక్క వేసుకుంటే, రెండు ఉన్నచోట ఒకటి డాక్‌లో ఉన్న రోజున రెండు తీరాలకూ కలిపి ఒక్కటే మిగులుతుంది. మూడోది కావాలనేవాళ్ల వాదన అదీ. నా ఓటు మూడోదానికే, కానీ నాకు బిల్లు కట్టే బాధ్యత లేదు.

ప్రశ్న: మీరు ఇంజిన్ మనిషి కదా. మన యుద్ధనౌకల ఇంజిన్లు ఎక్కడివి? ఉక్రెయిన్ యుద్ధం మన మీద ప్రభావం చూపిందా? (మెకానికల్ ఇంజినీరు, కాకినాడ)

జవాబు: ఇంతకాలానికి ఒక మంచి ప్రశ్న! ఫిరంగుల గురించి అడిగేవాళ్లే తప్ప ఇంజిన్ గురించి అడిగేవాళ్లు దొరకరు.

ఉక్రెయిన్ దక్షిణాన మైకోలైవ్ అని ఒక ఊరుంది. మన నౌకాదళానికి అది దాదాపు పుట్టినిల్లు. రాజ్‌పుత్ తరగతి నౌకలు అక్కడే కట్టారు. తరువాత మన మరో విమానవాహక నౌక విక్రమాదిత్యగా మారిన సోవియట్ నౌక కూడా ఆ ఊళ్లోనే పుట్టింది. జోర్యా అనే గ్యాస్ టర్బైన్ల కర్మాగారం ఉన్నదీ అక్కడే. విశాఖపట్నం తరగతి డిస్ట్రాయర్లలో ఒక్కో దానికి నాలుగు జోర్యా టర్బైన్లు ఉంటాయి. రష్యా కట్టిచ్చిన తల్వార్ తరగతి ఫ్రిగేట్లూ వాటితోనే నడుస్తాయి.

ఇప్పుడు చిక్కు చూడండి. 2014 తరువాత ఉక్రెయిన్ రష్యాకు టర్బైన్లు అమ్మడం మానేసింది. రష్యా రేవు కాలినిన్‌గ్రాద్‌లో సగం కట్టిన ఓడలకు ఇంజిన్లు లేకుండా పోయాయి. మనకేమో రష్యా ఓడలు కావాలి, వాటికి ఉక్రెయిన్ ఇంజిన్లు కావాలి. చివరికి మనమే ఉక్రెయిన్ దగ్గర ఇంజిన్లు కొని, రష్యా రేవుకు అందజేసి, ఓడ కట్టించుకున్నాం. అలా వచ్చినవే తుషీల్ (2024 డిసెంబరు), తమాల్ (2025 జూలై). మాట్లాడుకోని ఇద్దరు అన్నదమ్ములతో ఒకే ఇల్లు కట్టించిన పెద్దమనిషి పని అది. విదేశంలో కట్టించుకునే యుద్ధనౌకల్లో తమాలే చివరిదని నౌకాదళం చెప్పింది.

రెండో వరుస ఇంజిన్లు అమెరికా నమూనావి, పేరు ఎల్ఎం2500. విమానపు జెట్ ఇంజిన్‌నే ఓడకు అనువుగా మార్చినది. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్లు కూర్చుతారు. విక్రాంత్‌కు ఇవి నాలుగు, కొత్త నీలగిరి తరగతికి రెండేసి, వాటికి తోడుగా రెండు డీజిళ్లు. నిదానంగా పోయేటప్పుడు డీజిలు, పరుగెత్తాల్సినప్పుడు టర్బైను. గ్యాస్ టర్బైను పాడైతే ఓడలో కూర్చుని బాగుచేయరు. మొత్తం పెట్టెను పైకి లాగి కొత్తది దించి, పాతదాన్ని బాగుచేసే చోటికి పంపుతారు. విశాఖలో ఆ పని చేసే స్థావరం పేరు ఐఎన్ఎస్ ఏకశిల. పేరు వినగానే ఓరుగల్లు వాళ్లకు ఛాతీ ఉప్పొంగుతుందని నాకు తెలుసు.

మరి మా ఆవిరి? ఇంకా ఊపిరి ఉంది. విక్రమాదిత్య ఎనిమిది బాయిలర్ల మీద నడుస్తుంది. సైన్యాన్ని ఒడ్డున దింపే జలాశ్వ కూడా ఆవిరి ఓడే. బ్రహ్మపుత్ర తరగతి ఫ్రిగేట్లు కూడా ఆవిరివే. కానీ ఆ తరగతిలోని బియాస్‌ను ఆవిరి నుంచి డీజిలుకు మార్చడానికి 2023 అక్టోబరులో కొచ్చి షిప్‌యార్డుతో 313 కోట్ల ఒప్పందం రాసుకున్నారు. ఆ వార్త చదివిన రోజు మా బ్యాచ్ వాళ్లం ముగ్గురం ఒకరికొకరు సందేశాలు పంపుకున్నాం. ఏడవలేదు. బాయిలరు ముందు నిలబడి వంతుల డ్యూటీ చేసినవాడెవడూ దానికోసం ఏడవడు. ఉదయం ఎనిమిదికి ఓడ కదలాలంటే మేము అర్ధరాత్రి దాటగానే దిగి మంట వెలిగించేవాళ్లం. గ్యాస్ టర్బైను నిమిషాల్లో లేస్తుంది.

ప్రశ్న: బీచ్ రోడ్డులో కురుసుర చూశాం. ఇప్పటి జలాంతర్గాములు కూడా అంత ఇరుకేనా? (తొమ్మిదో తరగతి విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: ఇరుకే అమ్మా. కురుసుర 1969 డిసెంబరులో దళంలో చేరి 2001 ఫిబ్రవరిలో విరమించింది. 2002 నుంచి విశాఖ ఇసుకలో కూర్చుంది. పొడవు 91 మీటర్లు, అందులో సుమారు 75 మంది. ఇప్పటి కల్వరి తరగతి పొడవు 67.5 మీటర్లు. ఓడ చిన్నదైనా మనుషులు 45 మందికి లోపే, కంప్యూటర్లు సగం పని చేస్తాయి కాబట్టి. మీరు చూసిన గొట్టాలూ చక్రాలూ ఇప్పుడు చాలావరకు తెరల మీదికి వెళ్లాయి.

మారనిది బ్యాటరీ. కల్వరిలో 360 బ్యాటరీ సెల్లులు ఉంటాయి, ఒక్కోటి 750 కిలోలు. మీరే గుణించి చూడండి, 270 టన్నులు. నీటిలో మునిగినప్పుడు ఓడ నడిచేది ఆ బరువు మీదే. అవి అడుగంటితే పైకి వచ్చి, గాలిగొట్టం బయటపెట్టి, డీజిళ్లు నడిపి నింపుకోవాలి. జలాంతర్గామిని పట్టుకోవాలనుకునే శత్రువు కాచుకుని ఉండేది ఆ సమయం కోసమే.

అణుశక్తితో నడిచేదానికి ఆ బాధ లేదు. తిండి అయిపోయేదాకా కిందనే ఉండొచ్చు. అలాంటి అరిహంత్‌ను మన విశాఖలోనే 2009 జూలై 26న నీళ్లలోకి దించారు, 2016లో దళంలో చేరింది. రెండోదైన అరిఘాత్ 2024 ఆగస్టు 29న చేరింది. ఆ వరుస ఇంకా సాగుతోంది. వాటి లోపలి సంగతులు నన్ను అడగకండి, నేను వాటి గేటు కూడా దాటలేదు.

మామూలు జలాంతర్గాముల్లో కల్వరి తరగతి ఆరు, ముంబైలో కట్టినవి. జర్మనీ నమూనా శిశుమార్ తరగతిగా నాలుగు వచ్చాయి. రష్యా నుంచి సింధుఘోష్ తరగతి పది వచ్చాయి గాని, అవి తగ్గుతూ వస్తున్నాయి. 2013 ఆగస్టులో సింధురక్షక్ ముంబై రేవులో పేలి 18 మంది పోయారు. సింధువీర్‌ను 2020లో మయన్మార్‌కు ఇచ్చాం. సింధుధ్వజ్ 35 ఏళ్లు చేసి 2022లో విశాఖలో విరమించింది.

ప్రశ్న: యుద్ధనౌకలో ఒకసారి ఇంధనం నింపితే ఎన్నాళ్లు వస్తుంది? మధ్యలో అయిపోతే? (పెట్రోలు బంకు యజమాని, నంద్యాల)

జవాబు: మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నిదానంగా పోతే వారాలు వస్తుంది, పూర్తి వేగంతో పరుగెత్తితే రోజుల్లో కరిగిపోతుంది. అందుకే బంకే వెంట వెళ్తుంది. శక్తి, దీపక్ అని రెండు ట్యాంకర్లు ఇటలీలో కట్టించుకున్నాం, రెండూ 2011లో వచ్చాయి. 175 మీటర్ల పొడవు, 27,500 టన్నుల బరువు. వీటికన్నా పాతవి జ్యోతి, ఆదిత్య.

ఇంధనం నింపడం ఎలాగంటే, రెండు ఓడలూ ఆగవు. పన్నెండు పదిహేను నాట్ల వేగంతో పక్కపక్కన నడుస్తూనే ఉంటాయి. మధ్య దూరం నలభై యాభై మీటర్లు. సన్నని తాడు విసురుతారు, దాని వెంట లావు తాడు, దాని వెంట ఉక్కు తీగ, దానికి వేలాడుతూ గొట్టం. రెండు ఓడల మధ్య నీళ్లు ఇరుక్కుని పిచ్చెత్తినట్టు ఎగురుతాయి. వేగం కొంచెం తేడా వచ్చినా తాడు తెగుతుంది, తెగిన తాడు మనిషిని కోస్తుంది. ఆ రెండు మూడు గంటలూ కింద ఇంజిన్ గదిలో మేము చక్రం మీద చెయ్యి తీయకుండా, ప్రొపెల్లర్ ఒకటి రెండు చుట్లు ఎక్కువ తక్కువ కాకుండా కాపాడేవాళ్లం. పైన బ్యాండు వాయించేవారని తరువాత తెలిసేది. ఒకసారి అరేబియా సముద్రంలో నైరుతి రుతుపవనాల వేళ అలా నింపుకుని డెక్ మీదికి వచ్చి చూస్తే, ట్యాంకరు వంటవాళ్లు అదే తీగ మీద బ్రెడ్డు సంచులు కూడా పంపించారు. ఆ బ్రెడ్డు రుచి ఇప్పటికీ గుర్తే.

ఫొటోలు మాత్రం విక్రాంత్‌కే తీస్తారు. ట్యాంకరు లేని పటాలం తీరానికి కట్టేసిన ఆవులాంటిది, తాడు పొడవున్నంత మేరే మేస్తుంది. అందుకే ఈమధ్య నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన వార్త ఏమిటంటే, 2023 ఆగస్టులో విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుకు 44,000 టన్నుల సహాయక నౌకలు ఐదింటి పని అప్పగించడం. ఒప్పందం విలువ సుమారు 19,000 కోట్లు. అదే యార్డు కట్టిన నిస్తార్ 2025 జూలై 18న చేరింది. ఆపదలో పడిన జలాంతర్గామి సిబ్బందిని పైకి తేవడానికి తోడ్పడే నౌక అది, 118 మీటర్లు. దాని గురించి ఒక్క ఉత్తరమూ రాలేదు.

ప్రశ్న: ఆడపిల్లలను ఓడ ఎక్కనిస్తారా? (ఇంటర్ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: ఎక్కనిస్తారు, నడపనిస్తారు కూడా. 2017 సెప్టెంబరులో ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి ప్రపంచాన్ని చుట్టి 2018 మేలో తిరిగి వచ్చారు. అందులో ఇద్దరు మన తెలుగువాళ్లు, ఒకరిది విశాఖ, ఒకరిది హైదరాబాదు. 2022 నుంచి నావికుల స్థాయిలోనూ అమ్మాయిలను తీసుకుంటున్నారు. గణితం వదలకండి, ఈత నేర్చుకోండి.

ప్రశ్న: మీరు పనిచేసిన ఓడ ఇప్పుడు ఉందా? (విశ్రాంత పోస్ట్‌మాస్టరు, నెల్లూరు)

జవాబు: మీ జిల్లాలోని ఊరి పేరే దానిది, అయ్యా. ఉదయగిరి. 1976లో చేరి 2007లో విరమించింది, నంబరు ఎఫ్35. కొత్త నీలగిరి తరగతి కట్టేటప్పుడు ఆ పాత పేర్లే మళ్లీ పెట్టారు. కొత్త ఉదయగిరి 2025 ఆగస్టు 26న హిమగిరితో కలిసి విశాఖలోనే దళంలో చేరింది. పక్కన అదే ఎఫ్35. నౌకాదళం తనకు తానే గీసుకున్న నౌకల్లో అది వందోదట.

ఆ రోజు నాకు ఆహ్వానం లేదు, ఉండదు కూడా. తరువాత ఒక పెళ్లిలో, కొత్త తరం ఫ్రిగేట్‌లో పనిచేసే కుర్రవాడు ఒకడు కలిశాడు. నేనూ ఆ పనేనని తెలిసి నమస్కారం పెట్టాడు. ఇంజిన్ గదిలో వేడి ఎంతుంటుందని అడిగాను. తాము చల్లని గదిలో తెరల ముందు కూర్చుంటామని, ఇంజిన్ దగ్గరికి తనిఖీకి మాత్రమే వెళ్తామని, వెళ్లేటప్పుడు చెవులకు రక్షణ తప్పనిసరి అని చెప్పాడు. సన్నాయి గట్టిగా వాయిస్తున్నారు, సగం మాటలు వినబడలేదు. కుర్చీ మార్చి అతన్ని నా కుడివైపు కూర్చోమన్నాను. అప్పుడు మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాను.